నెత్తుటాకు

నా సంచీలో అయొడిన్ సీసా,
ఉడికించి ఆరేసిన గుడ్డపీలికలు, రెండు సూదులు,
సర్కారు ముద్ర వేసిన నోటుబుక్కు.
పడవ దిగేసరికి ఇవి కాక
తడిసిన మేజోళ్ళు.
గొడుగు విప్పాను. ఈ దీవి గాలి
దాన్ని గిన్నెలా తిరగేసి చేతికిచ్చింది.

గవ్వలు పిండై పేరుకున్న ఇసుక మీద
సముద్రం దాకా పచ్చిక. మాఖర్ అంటారు.
జూన్ వచ్చిందా, అడుగెయ్యడానికి చోటుండదు.
అన్ని రంగుల మధ్యా
ఎవరూ ఆగి చూడని మొక్క ఒకటి:
మొండి కాడ, మీగడ రంగు పూలగుత్తి,
పిట్ట ఈకని వెయ్యి పాయలుగా దువ్వినట్టు ఆకు.
నలిపితే వేళ్ళకి చేదు.
వీళ్ళ మాటలో దాని పేరు నెత్తుటాకు.

ఎర్ర ఇయన్ కూతురు బెహక్,
ఎనభై దాటిన మనిషి,
దాన్ని కోసేముందు చెప్పులు విప్పుతుంది.
ఇనుము తగలనివ్వదు. నేలతో ఏదో చెప్పి
అప్పుడు తుంచుతుంది.
ఏం చెప్పిందో గాలి నాదాకా రానివ్వలేదు.

ఈనిన రాత్రి ఆవు తోకకి ఓ రెమ్మ,
లేకపోతే పక్కింటి కళ్ళు పాలు తాగేస్తాయట.
ఉయ్యాల కింద ఓ రెమ్మ.
చేపలకెళ్ళే మొగుడి చొక్కా అంచులో,
కుట్టు లోపల, వాడికి తెలియకుండా.
"తెలిస్తే పనిచెయ్యదా?" అన్నాను.
"తెలిస్తే పీకి పారేస్తాడు," అంది.

పీట్ మట్టి కోస్తూ తోర్మొద్
పార పిక్కలోకి దించుకున్నాడు.
సైకిలు తోసుకుంటూ వెళ్ళాను రెండు మైళ్ళు.
కడిగాను. అయొడిన్ పోశాను. ఏడు కుట్లు.
కేక వెయ్యలేదు,
పైకప్పు వాసాలు లెక్కపెట్టాడు. పదకొండు, అన్నాడు చివర్లో.

మర్నాడు కట్టు విప్పితే
నా తెల్లగుడ్డకీ నా కుట్లకీ మధ్య
నమిలి అద్దిన పచ్చటి ముద్ద!
ఎవరి పని? అన్నాను.
తోర్మొద్ కిటికీ కేసి చూశాడు.
కిటికీ బయట బెహక్
ఏ పాపం ఎరగని కోడిపెట్టని తిడుతోంది.

వాపు లేదు. చీము లేదు. చుక్క నెత్తురు లేదు.
అయొడిన్ మహిమ, అనుకున్నాను.
అనుకుంటూనే ఆ ముద్ద మీదే
కొత్త కట్టు కట్టాను.
నోటుబుక్కులో "కట్టు మార్చడమైనది", అంతే.

టీ పోస్తూ బెహక్ రెండో సంగతి చెప్పింది.
నెత్తురు ఆపే ఈ ఆకే
నెత్తురు పిలుస్తుంది కూడా.
నెలపొడుపు నాడు ముక్కులో పెట్టి
మనసులో ఒక పేరు తలుచుకుని
మూడుసార్లు తిప్పాలి.
చుక్క రాలితే అవతల కూడా ఉన్నట్టే.
"నీకు రాలిందా?"
"రాలింది. నేను తలిచినవాడు కెనడా పడవెక్కాడు.
నెత్తురు అబద్ధమాడలేదు తల్లీ,
దానికి టిక్కెట్ల సంగతి తెలీదు."

ముక్కు లోపలి పొర పల్చనిదని,
ఏ గడ్డిపోచ గీసినా కారుతుందని
గ్లాస్గోలో పరీక్ష రాసిన దాన్ని నేను.
ఆ తెలివితోనే
నెలపొడుపు నాడు చెప్పులు విప్పాను.
పచ్చిక తడి అరికాళ్ళనుంచి మోకాళ్ళకెక్కింది.
నేలకి ఏం చెప్పాలో తెలీక
క్షమించమన్నాను.
ఒక పేరు తలిచాను. అది ఏ పుస్తకంలోనూ లేదు.
ఒకటి.
రెండు.
తుమ్మొచ్చింది.
ఎంత పెద్ద తుమ్మంటే
ఎక్కడో గొర్రె ఒకటి లేచి జవాబిచ్చింది.
తుమ్మితే అర్థమేమిటో బెహక్ చెప్పలేదు,
నేను అడగనూ లేదు.

అక్టోబరులో పక్క దీవికి పిలుపు.
సముద్రం బాగాలేదు.
పడవలో కోటు దగ్గరకి లాక్కుంటే
అంచులో వేలికి తగిలింది
పొడిగా, గరగరమంటూ ఏదో.
ఆ కుట్లు నావి కావు,
నేనైతే ఇంత వంకరగా కుట్టను.

గుండీలు పెట్టుకుని
నాకేమీ తెలియనట్టు
అలల కేసి చూస్తూ కూర్చున్నాను.